గ్లాసు అడుగున

ముమ్మిడివరం బస్సు కాలవ వంతెన దగ్గర ఆగితే పుష్పలత దిగి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. గాలివాన వెళ్ళి రెండు వారాలైనా గట్టు మీద మట్టి ఇంకా జారుతూనే ఉంది. కాలవలో కొబ్బరిమట్టలు, ఎవరి పాకవో తాటాకులు కొట్టుకొస్తున్నాయి. పొద్దుటి నుంచి హైస్కూల్లో అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది. ఆవేళ ఎనిమిదో తరగతికి చెప్పిన పాఠం కులాల గురించి. ఎవరు చేసే పనిని బట్టి వాళ్ళకి ఆ కులం వచ్చిందనీ, చదువులొచ్చి పనులు మారిపోతున్న కొద్దీ కులాలు వాటంతటవే పల్చబడిపోతాయనీ పుస్తకంలో ఉన్నదే చెప్పింది. పిల్లలు తల వంచుకుని రాసుకున్నారు. తన చిన్నప్పుడు తనూ అలాగే రాసుకుంది.

ఇంటికి వెళ్ళే దారిలోనే త్రిమూర్తులుగారి దొడ్డి. దింపిన కాయలు రాశి పోసి ఉన్నాయి. దొడ్లో ప్రతి కొబ్బరిచెట్టుకీ మొదట్లో ఎర్రరంగుతో నెంబరు వేసి ఉంటుంది. ఆ చెట్ల నీడన పుష్పలత తండ్రి దానం కాయలు వలుస్తున్నాడు. నేలలో పాతిన గునపం మొన మీదికి కాయని దిగ్గొట్టి, మణికట్టు తిప్పి, డొక్కని ఒక పక్కకి విరుస్తాడు. మళ్ళీ తిప్పి మళ్ళీ విరుస్తాడు. కాయ బోడిగా చేతిలోకి వస్తుంది. దాన్ని ఎడమ పక్కకి దొర్లించి, చూడకుండానే కుడిచేత్తో ఇంకో కాయ అందుకుంటాడు. కూతురు వచ్చి నిలబడినా ఆ చెయ్యి ఆగలేదు.

అతనికి నాలుగు బారల దూరంలో ఇంకో గునపం దగ్గర కాలవ అవతలి పేట సూరమ్మ వలుస్తోంది. ఆడవాళ్ళు గునపం పట్టడం అరుదు. మొగుడు పోయాక సూరమ్మ అతని గునపమే తెచ్చుకుని పాతుకుంది. మొదట్లో అందరూ నవ్వారు. ఇప్పుడు సాయంత్రానికి ఆమె పక్కన లేచే కుప్ప దానం కుప్పకి తీసిపోదు.

"కాస్త మంచినీళ్ళు ఇప్పించండి, అమ్మగారూ!" అని దానం ఇంటివైపు కేకేశాడు.

త్రిమూర్తులుగారి భార్య సత్యనారాయణమ్మగారు చెంబుతో వచ్చింది. దానం లేచి, నడుం పట్టుకుని నిదానంగా నిలబడి, పశువులపాక దగ్గరికి వెళ్ళాడు. పాక చూరులో రెండు గాజుగ్లాసులు దోపి ఉంటాయి. ఒకటి చెట్లెక్కి దింపు తీసేవాళ్ళకి. ఇంకోటి దానం పేటవాళ్ళకి. దానం ఒక గ్లాసు తీసి, తిరగేసి, అడుగు చూశాడు. అడుగున చెట్లకి వేసే రంగుతోనే పెట్టిన ఎర్రచుక్క ఉంది. అప్పుడు గ్లాసు ముందుకి చాపాడు. ఆమె ఎత్తి నుంచి పోసింది. తాగి, ఆఖరి చుక్కలు విదిలించి, చెయ్యి పైకెత్తి గ్లాసు మళ్ళీ చూరులో దోపాడు. పుష్పలతకి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ తండ్రి నీళ్ళు తాగడమంటే ఇదే.

సూరమ్మ కూడా లేచొచ్చింది.

"ఆ గ్లాసే తీసుకోవే సూరమ్మా. పీచు దుమ్ముతో చేతులు చూడు ఎలా ఉన్నాయో," అంది సత్యనారాయణమ్మగారు.

"వద్దులెండి అమ్మగారూ, దోసిట్లో పోసెయ్యండి."

ఆ మాట అంటూ సూరమ్మ చూసింది ఇంటావిడ వంక కాదు, దానం వంక. దానం గునపం మొన వంక చూస్తున్నాడు. సూరమ్మ వంగి దోసిలి పట్టింది. నీళ్ళు మోచేతుల మీదుగా కారి చీర తడిసింది.

అరుగు మీద మడతకుర్చీలో త్రిమూర్తులుగారు కదిలాడు. "ఏమ్మా పంతులమ్మా, బస్సు ఆలీసమా ఇయ్యాల?"

"ఆయ్, అవునండి."

"ఏరా దానం, అవతల పేటోళ్ళు మీ గుడికొస్తన్నారంట గదా! మంచి పనిరా. పాక ఎగిరిపోతే పాపం ఎక్కడ చేసుకుంటారు ప్రార్థన?"

"ఇంకా ఏం అనుకోలేదండి బాబుగారూ. పెద్దలం కూచోవాలి."

"కూచోడానికేముందిరా? మాకంటే సవాలక్ష ఉంటాయి. వీడింట్లో తినకూడదు, వాడింట్లో తాగకూడదు. మీకవన్నీ లేవుగా. కులాలన్నీ మా నెత్తిన పడేసి మీరు హాయిగా చర్చిలోకెళ్ళిపోయేరు. మీరూ మీరూ ఒకటేగా."

"ఒకటెలాగవుతామండి?" అన్నాడు దానం.

అరిచి అన్న మాట కాదది. కాని కాయ గునపం మొన మీద అలాగే ఆగిపోయింది.

త్రిమూర్తులుగారు గట్టిగా నవ్వాడు. "కారేంట్రా? మాకెప్పుడూ తేడా తెలీలేదే!"

సూరమ్మ గునపం దగ్గర చప్పుడు ఆగలేదు. డొక్క విరిగిన చప్పుడు, కాయ దొర్లిన చప్పుడు, అంతే.

చీకటి పడుతుండగా తండ్రీ కూతుళ్ళు ఇంటికి నడిచారు. పుష్పలత అన్నం క్యారియరు పట్టుకుంది. దానం అరచేతుల్లోంచి పీచు పీక్కుంటూ నడిచాడు. మలుపు దగ్గర ఒకసారి, ఇంటి గుమ్మం ముందు ఇంకోసారి తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. "తేడా తెలీలేదంట."

ఊళ్ళో వాళ్ళకి తెలియకపోవడం వింత కాదు. పెద్దపేట మాలలది. కాలవ అవతలి పేట మాదిగలది. తాతల నాటి నుంచీ రెండు పేటల్లోనూ క్రైస్తవులే. పాడే పాటలు ఒకటే, వచ్చే పాస్టరుగారూ ఒక్కరే. మందిరాలు మాత్రం రెండు. పెద్దపేటది పెంకుటిల్లు, అవతలి పేటది తాటాకు పాక. ఆ పాకని గాలివాన ఎత్తుకుపోయింది.

మర్నాడు సాయంత్రం పాస్టరు వరప్రసాదంగారు సైకిలు దిగి, దానం ఇంటి పంచలో చాప మీద కూలబడ్డారు. ఆయనకి అయిదూళ్ళు. గాలివాన తర్వాత అయిదూళ్ళలోనూ ఆయన చేసిన పని చావులకి ప్రార్థనలు, కూలిన గోడల దగ్గర ప్రార్థనలు. మోకాళ్ళ దాకా బురద చిమ్మి ఉంది. సంఘంలో దానంతో పాటు రెండో పెద్ద సత్యం. రైసుమిల్లులో గుమాస్తా. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఈ ఆదివారం బల్ల ఉంది," అన్నారు పాస్టరుగారు. నెలకొకసారి ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం సంగతి అది. "వాళ్ళని ఇక్కడికి రమ్మనేసేను. దీని మీద మళ్ళీ మళ్ళీ కూచునే ఓపిక నాకు లేదు."

"రమ్మనండి. ఎవరొద్దన్నారు?" అన్నాడు సత్యం. "వెనక చాపలేయిస్తాను. పాటలు పాడుకోమనండి. కానుక ఎయ్యమనండి. పాత్ర దగ్గిరకొచ్చేసరికే..."

"పాత్ర దగ్గిరకొచ్చేసరికి?"

"ఒకటే పాత్రండి. పెదవి పెట్టి తాగాలి. మా ఆడోళ్ళు వాళ్ళ తర్వాత పెట్టరు."

"వెనక చాపలన్నావు గదా. వాళ్ళు తాగేది చివరేగా?"

"ఈ నెల చివరేనండి. వచ్చే నెల ఆ పాత్రే మళ్ళీ మాకు ముందొస్తది గదా."

పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన చేస్తున్నారేమో అని సత్యం కూడా కళ్ళు మూసుకుని, కాదని తెలిసి తెరిచాడు.

"దానం, నువ్వేమంటావు?"

దానం అరచేతులు చూసుకున్నాడు. "నన్నడక్కండి, పాస్టరుగారూ. పేట ఎలాగంటే అలాగ. ఈ పేరు చెప్పి రెండు ముక్కలైపోతే మళ్ళీ అతకడం మన వల్ల కాదు. మా నాన్న అప్పుడోసారి అయ్యింది. ఒకళ్ళ శవానికి ఒకళ్ళు వెళ్ళలేదు."

"అయితే రావద్దని చెప్పొచ్చెయ్యనా? నోటితో పిలిచేను. నోటితోనే చెప్తాను. వాళ్ళకి అలవాటే."

లోపల్నుంచి టీ తెచ్చిన పుష్పలత గ్లాసులు ఒక్కొక్కరి ముందూ పెడుతోంది. మూడు గ్లాసులు. పొగలు వస్తున్నాయి. వాటిని చూస్తుంటేనే ఆమెకి ఆ ఆలోచన వచ్చింది.

"పాస్టరుగారూ, ఒక మాట చెప్పనాండి? పట్నంలో కొన్ని చర్చీల్లో ఇప్పుడు ఒకే పాత్ర తిప్పడం లేదండి. మనిషికో చిన్న గ్లాసు ఇస్తున్నారు. ఒకే పాత్రయితే క్షయ లాంటివి అంటుకుంటాయని. అలా చేస్తే ఒకళ్ళ ఎంగిలి ఒకళ్ళు అన్న మాటే ఉండదు. ఎవరికీ వేరుగా చేసినట్టూ ఉండదు. అందరికీ గ్లాసులే."

ముగ్గురూ ఆమె వంక చూశారు. ముందు సత్యం మొహం విచ్చుకుంది.

"అదీ! చదువంటే అదీ! క్షయ గొడవ ఒకటుంది గదా, మనకి తట్టలేదు!"

పాస్టరుగారు తొందరపడలేదు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగారు. ఆ తర్వాత ఆయన భుజాలు కొంచెం దిగాయి. "సరే. గ్లాసులు తెచ్చేది నువ్వే. ఆదివారం బల్లకి ముందు ఆ క్రిముల గురించి రెండు మాటలు కూడా నువ్వే చెప్పమ్మా. నేను చెప్తే ఇంకోలా వినపడద్ది."

"ఆయ్, అలాగేనండి."

"మా అమ్మాయి బీయే బీయీడీ గదండీ," అన్నాడు దానం ఎవరికో కొత్తవాళ్ళకి చెప్తున్నట్టు. ఆ వారంలో అతను నవ్వడం అదే మొదటిసారి. పుష్పలత ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేసింది. గొడవ తప్పింది. అంతకు మించి ఆమె ఏమీ ఆలోచించలేదు. తలనొప్పిగా ఉండి తొందరగా పడుకుంది.

శుక్రవారం బడి అవగానే అమలాపురం వెళ్ళి గ్లాసులు కొంది. మందు పోసుకునే మూతలకంటే కొంచెం పెద్దవి, అడుగు దళసరివి. నాలుగు డజన్లు గడ్డిలో పెట్టి, పాత పేపరు చుట్టి కట్టిచ్చారు. బస్సులో ఆ మూట ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. వంతెన దగ్గర దిగి, ఆ మూటతోనే కాలవ దాటి అవతలి పేటకి వెళ్ళింది. కబురు తనే చెప్తానని పాస్టరుగారికి మాటిచ్చింది మరి.

అవతలి పేటలో మనుషులు ఇంకా కప్పుల మీదే ఉన్నారు. ముందు ఎవరి ఇల్లు వాళ్ళు కప్పుకుంటున్నారు, మందిరం సంగతి ఆ తర్వాత. సూరమ్మ కింద నుంచి తాటాకు అందిస్తోంది. ఆమె అక్క కొడుకు రాంబాబు నిచ్చెన మీద కూచుని ఆకు కడుతున్నాడు. సూరమ్మని ఏమని పిలవాలో పుష్పలతకి ఎప్పుడూ తెలియలేదు. తన పేటలో ఆ వయసు ఆడవాళ్ళందరూ పిన్నులో అత్తలో. ఇక్కడ నోట్లో ఏ మాటా సిద్ధంగా లేదు.

"ఇదిగోండి... ఆదివారం అందరూ రండి. పాస్టరుగారు చెప్పమన్నారు. బల్ల ఉంది."

"చెప్పేరమ్మా ఆయన. వస్తాం." సూరమ్మ చూపు మూట మీదికి పోయింది. "అందులో ఏంటి?"

"గ్లాసులు. మనిషికొకటి. ఒకే పాత్రలో అందరూ తాగితే క్రిములు అంటుకుంటాయి. జబ్బులొస్తాయి. అందుకని."

"మేం వస్తున్నామనా అమ్మా?"

"కాదు కాదు. అందరికీ. మా వాళ్ళకి కూడా."

నిచ్చెన మీంచి రాంబాబు తొంగిచూశాడు. "మరి ఇన్నాళ్ళూ లేవాండి ఆ క్రిములు? గాలివానకి కొట్టుకొచ్చినట్టున్నాయి, మా తాటాకుతో పాటు."

పక్క కప్పు మీద వాళ్ళు కూడా నవ్వారు. సూరమ్మ నవ్వబోయి ఆపుకుంది. "ఊరుకోరా. పాపం ఆ అమ్మాయి బడి నుంచి ఇటే వచ్చినట్టుంది. మొహం చూడు ఎలా వాడిపోయిందో." పుష్పలత వైపు తిరిగి, "దాహమేస్తందా అమ్మా?" అంది.

నిజంగానే దాహంగా ఉంది. పాక పక్కన కుండ ఉంది. దాని మీద మూకుడు, మూకుడు మీద బోర్లించిన స్టీలు గ్లాసు. పుష్పలత చూపు గ్లాసు మీద ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణాన్ని సూరమ్మ పట్టుకున్నట్టుంది.

"ఉండు, బోండం కొట్టిస్తాను. గాలికి పడ్డవి బోలెడున్నాయి."

కత్తితో రెండు దెబ్బలు కొట్టి, కన్ను తెరిచి, రెండు చేతులతో అందించింది. బోండానికి ఏ అంటూ ఉండదు. ఎవరు కొట్టినా ఎవరైనా తాగొచ్చు. పుష్పలత గడగడా తాగింది. నీళ్ళు కొంచెం ఉప్పగా ఉన్నాయి. సూరమ్మ అంతలోనే తాటాకు అందివ్వడానికి వెళ్ళిపోయింది.

వంతెన మీదికి వచ్చాక, కుండలో నీళ్ళు ఇవ్వనందుకు తన మనసు తేలికపడిందని పుష్పలతకి తెలిసింది. మూట ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. అది అంత బరువైనదేం కాదు.

శనివారం ఒంటిపూట బడి. ఇంటికి వచ్చేసరికి తల్లి మార్తమ్మ రొట్టెకి పిండి జల్లిస్తోంది. బల్లకి రొట్టె చెయ్యడం ఆ ఇంటి పని. ఎండుద్రాక్ష పొద్దుటే గిన్నెలో నానేసింది. గ్లాసులన్నీ కడిగి పెరట్లో గోనెపట్టా మీద బోర్లించి ఉన్నాయి.

"అన్నీ కడిగేసేవా? నేనొచ్చి కడుగుదును గదా."

"మీ నాన్న కూడా ఉన్నాడు," అంది మార్తమ్మ తలెత్తకుండా.

పుష్పలత పట్టా దగ్గర గొంతుక్కూర్చుని గ్లాసులు పళ్ళాల్లో సర్దబోయింది. బోర్లించిన గ్లాసుల్లో ముందు వరసలు తెల్లగా మెరుస్తున్నాయి. చివర రెండు వరసల గ్లాసులకి మాత్రం అడుగున ఎర్రగా ఏదో అంటుకుని ఉంది. కుంకుమేమో అనుకుంది. గోటితో గీకి చూసింది. రాలేదు. రంగు. ఒక్కో గ్లాసుకి ఒక్కో చుక్క. మధ్యలో, శ్రద్ధగా, కందిగింజంత.

పెరటి గోడ పక్కన చిప్పలో మిగిలిన రంగు, అందులో కొబ్బరీనె ఉన్నాయి. అది ఎక్కడి రంగో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

దానం వేపపుల్ల నములుతూ నూతి దగ్గర్నుంచి వచ్చాడు. కూతురి చేతిలో గ్లాసు తిరగేసి ఉండడం చూసి ఆగాడు.

"ఏంటి నాన్నా ఇది?"

"గుర్తమ్మా. కలిసిపోకుండా."

"కలిసిపోతే ఏమవుద్ది?"

"తర్వాత కడిగేది ఎవరు? మీ అమ్మ. సత్యం ఇంటావిడ. ఏవి ఎవరివో తెలీకుండా ముట్టుకోమంటే వాళ్ళు ఒప్పుకోరు. సత్యం నిన్నే అన్నాడు. నీ గ్లాసులు బాగానే ఉన్నాయిగానీ వచ్చే నెల ఏ గ్లాసు ఎవరికొస్తదని. అందుకని నేనే పెట్టేను." అతను పుల్ల తీసి దూరంగా ఉమ్మాడు. "పైకి కనపడదు. ఎవరికీ చిన్నతనం లేదు. అడుగున గదా ఉంటుంది. తాగేవాడికి తెలీదు."

"నీకు తెలీదా?"

దానం చేతిలో పుల్ల విరిచి గోడ పక్కన పడేశాడు.

"త్రిమూర్తులుగారింటి చూరులో గ్లాసు నీకు తెలీదా నాన్నా? తిరగేసి చూడకుండా ఏనాడైనా తాగేవా?"

"ఒకసారి తాగేను," అన్నాడు దానం. "చూడకుండా. నీకు రెండేళ్ళుంటాయి. ఆ గ్లాసు నా ముందే నూతిగట్టుకేసి పగలగొట్టించేరు. గాజుపెంకులు నేనే ఏరేను." నడుం మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా గుమ్మంలో కూచున్నాడు. "ఇక్కడ అలాంటిదేం కాకూడదనే గదా. చుక్కుంటే గొడవుండదు."

పుష్పలతకి ఎంత కోపం రావాలో అంత రాలేదు. ఒళ్ళంతా నీరసంగా ఉంది. "మొన్న బడిలో పాఠం చెప్పేను. చేసే పనిని బట్టి కులాలొచ్చేయని. నువ్వూ సూరమ్మా చేసేది ఒకే పని గదా. ఒకే దొడ్డి, ఒకే గునపం."

"అందుకేనమ్మా."

ఆమెకి అర్థం కాలేదు.

"అందుకే," అన్నాడు దానం మళ్ళీ. మాటలు కాయ మీద డొక్కలా ఒక్కొక్కటే విరిచి తీస్తున్నట్టు అన్నాడు. "పని ఒకటైపోయింది. కూలి ఒకటైపోయింది. దేవుడు ముందే ఒకడు. ఆ బాబుగారు చూస్తే మాకు తేడా తెలీలేదంటాడు. ఇంకేం మిగిలిందే నాకు, ఆ గ్లాసు తప్ప?"

తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మందిరంలో చాపలు వేయించాలి.

పుష్పలత ఆ గ్లాసు ముందు చాలాసేపు కూచుంది. కిరసనాయిలు పెట్టి తుడిచేస్తే పోతుంది. తుడిస్తే రేపు సత్యం ఎత్తి అడుగు చూస్తాడు, చుక్క లేదు గనక తనది మంచిదేననుకుని తాగుతాడు. నాన్న కూడా. అందరూ అలాగే తాగి ఇళ్ళకి వెళతారు. వచ్చే నెలకి మళ్ళీ రంగు తెస్తారు. తను మాత్రం వాళ్ళ ముందు నిలబడి క్షయ గురించి మాట్లాడుతుంది.

లేచి వెళ్ళి చిప్ప తెచ్చుకుంది. రంగు పైన తొరక కట్టింది. ఈనెతో తొరక పక్కకి తీసి, మొదటి వరసలో మొదటి గ్లాసు దగ్గరికి లాక్కుని, అడుగున మధ్యలో కందిగింజంత చుక్క పెట్టింది. దాన్ని పక్కకి జరిపి ఇంకోటి అందుకుంది. ఒకదానికి చుక్క పెద్దదైంది. పమిట చెంగుతో అంచు తుడిచి సరిచేసింది.

వంటింటి గుమ్మంలో చప్పుడైంది. మార్తమ్మ పిండి చేతులతో నిలబడి ఉంది. కూతురు చేస్తున్నది చూసింది. ఆమె ఏమంటుందోనని పుష్పలత ఈనె పట్టుకుని ఆగింది.

"అన్నిటికీ సరిపోద్దా ఆ రంగు?" అంది మార్తమ్మ.

"సరిపోద్దనుకుంటానమ్మా."

"ఎండలోకి జరుపు. పొద్దుటికి ఆరాలి." తల్లి మళ్ళీ పిండి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆదివారం మందిరంలో ముందు చాపల మీద పెద్దపేట వాళ్ళు కూచున్నారు. వెనక చాపల మీద అవతలి పేట వాళ్ళు కూచున్నారు. రాంబాబు ఉతికిన చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు. సూరమ్మ గోడ పక్కన కూచుంది. మొదటి పాట ఎత్తినప్పుడు వెనక నుంచి వచ్చిన గొంతులు ముందువాటిని మించి వినిపించాయి. కొందరు వెనక్కి తిరిగి చూశారు. పాట అయిపోయింది. బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె, రెండు పళ్ళాల్లో గ్లాసులు ఉన్నాయి. ద్రాక్షరసం పొద్దుటే పోశారు. ఏ పళ్ళెం ముందుకో ఏది వెనక్కో సత్యం దారం చూసి పెట్టాడు. చుక్క గ్లాసులకని ఒక ఖాళీ పళ్ళెం అంచుకి శనివారమే దారం కట్టి పంపాడట. అది పుష్పలతకి తర్వాత తెలిసింది.

"పుష్పలతమ్మ రెండు మాటలు చెప్తుంది," అన్నారు పాస్టరుగారు.

ఆమె లేచి నిలబడింది. రాసుకున్న మాటలు ఉన్నాయి. క్షయ ఎలా వస్తుంది, ఉమ్మిలో ఏముంటుంది, పట్నంలో పెద్ద చర్చీల్లో ఏం చేస్తున్నారు. ముందు వరసలో తండ్రి చేతులు కట్టుకుని కూచున్నాడు. కూతురు మాట్లాడబోతోందని మెడ కొంచెం నిటారుగా పెట్టుకున్నాడు. ఆ మెడ చూసి ఆమె కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

"క్రిముల సంగతి చెప్పమన్నారు," అంది. "గ్లాసులు కడిగే ఉన్నాయండి. అన్నీ ఒక్కలాంటివే. ఏది ఎవరు తీసుకున్నా ఒకటే." అని కూచుంది.

పాస్టరుగారు ఆమె వంక ఒకసారి చూసి, ఇంకేమీ అడగలేదు. ప్రార్థన చేసి, రొట్టె విరిచి పంచారు. తర్వాత ఒక పళ్ళెం ముందు వరసలకి, ఒక పళ్ళెం వెనక వరసలకి ఆయనే స్వయంగా తిప్పారు. అందరి చేతుల్లోకీ గ్లాసులు వచ్చాక, బల్ల దగ్గర నిలబడి, "తీసుకోండి" అన్నారు.

ముందు వరసల్లో చేతులు పైకి లేచాయి. నోటి దాకా కాదు, కంటి దాకా. రసం ఒలక్కుండా ఒక్కొక్కరూ గ్లాసు ఎత్తి, అడుగు వైపు నుంచి చూస్తున్నారు. అందరికీ చుక్క సంగతి తెలుసన్నమాట. ఒక్క రోజులో పేటంతా పాకింది. ఇక్కడి నుంచి అక్కడి దాకా ఎత్తిన గ్లాసులన్నిటి కిందా ఎర్రచుక్కలు. సత్యం తన గ్లాసు చూసి, పక్కవాడి గ్లాసు చూసి, బల్ల మీద పళ్ళెం అంచు వంక చూశాడు. సత్యం భార్య గ్లాసు చాప మీద పెట్టేసింది. వెనక్కి ఒకటి రెండు గుసగుసలు పాకాయి.

వెనక చాపల మీద ఎవరూ గ్లాసు ఎత్తి చూడలేదు. తాగేశారు. ఖాళీ గ్లాసులు చాప పక్క గచ్చు మీద పెట్టిన చిన్న చిన్న చప్పుళ్ళు వినిపించాయి.

దానం కూడా గ్లాసు ఎత్తాడు. అడుగు చూశాడు. ముందు పొరపాటున పళ్ళెం మారిందనుకున్నాడు కాబోలు, కనుబొమ్మలు ముడిచి అటూ ఇటూ చూశాడు. తర్వాత పక్కవరసలో కూతురి వంక చూశాడు. పుష్పలత చూపు తిప్పుకోలేదు. ఆమె గ్లాసు అప్పటికే ఖాళీగా ఉంది.

అతను గ్లాసు దించాడు. ఒళ్ళో పెట్టుకున్నాడు. అరచేతుల్లో పీచు గీసిన గీతల మధ్య అది చాలా చిన్నదిగా ఉంది. మందిరంలో అందరూ సంఘం పెద్ద ఏం చేస్తాడోనని చూస్తున్నారు. పాస్టరుగారు వెనక చాపల దగ్గర ఖాళీ గ్లాసులు పళ్ళెంలోకి తీసుకుంటున్నారు. ఆయన తొందరపెట్టలేదు.

దానం తాగాడు. ఒక్క గుక్క. ఎన్నో ఏళ్ళుగా ఎలా తాగుతున్నాడో అలాగే, తల వెనక్కి వంచి తాగాడు. ఆఖరి చుక్క పక్కకి విదిలించాడు. చెయ్యి దానంతటదే పైకి లేచి, తలకి జానెడు ఎత్తున గాలిలో ఆగింది. అక్కడ చూరు లేదు. వేళ్ళు ఒక్క క్షణం అటూ ఇటూ వెతికాయి.

చెయ్యి అలాగే పైన ఉండగా పాస్టరుగారు వెనక చాపల నుంచి ఖాళీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని ముందుకి వస్తూ అతని పక్కన ఆగారు. దానం ఆ పళ్ళెం వంక చూశాడు. చెయ్యి మెల్లగా దించి తన గ్లాసు అందులో పెట్టాడు. అది సూరమ్మ గ్లాసుకి తగిలి టింగుమంది.

అతని పక్కన సత్యం గ్లాసు నిండుగానే ఉంది.